ప్లేటు మీద పేరు

1928 డిసెంబరులో మిసిసిపీ రాష్ట్రం నుంచి జాన్ హర్ట్ అనే కౌలురైతు న్యూయార్క్ వెళ్లి, ఓకే అనే గ్రామఫోను కంపెనీకి కొన్ని పాటలు పాడి తిరిగొచ్చాడు. వాటిలో ఒకదాంట్లో తన సొంత ఊరు అవలాన్‌ను పేరు పెట్టి తలుచుకున్నాడు. ఆ ప్లేట్లు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాదే ఆర్థికమాంద్యం వచ్చిపడింది, కంపెనీ మళ్లీ కబురు పెట్టలేదు, హర్ట్ పొలం పనుల్లోకి వెళ్లిపోయాడు. 35 ఏళ్లు గడిచాక, 1963లో, టామ్ హాస్కిన్స్ అనే పాత రికార్డుల పిచ్చి ఉన్న కుర్రాడు ఆ పాట విని, పాత అట్లాసులో అవలాన్ ఎక్కడుందో వెతుక్కుని బయల్దేరాడు. డెబ్బై ఏళ్ల హర్ట్ అక్కడే ఉన్నాడు. అదే ఏడాది న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వేలమంది ముందు గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. పోయేలోపు మూడేళ్లపాటు ఊరూరా పాడాడు, కొత్తగా రికార్డులిచ్చాడు. ప్లేటు మీద ఆయన పేరు, పాటలో ఆయన ఊరి పేరు. ఆ రెండే లేకపోతే ఆయన కోసం బయల్దేరేవాళ్లే లేరు.

హైటెక్ సిటీ గురించి రాయబోతూ మిసిసిపీ దాకా ఎందుకంటే, ఈ ప్రాంతంలో ఇప్పుడు జరుగుతున్నది ఒక రకంగా అలాంటి కథే. మాదాపూర్‌లో 1992లో శిల్పారామం వచ్చింది, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అంతకు ముందు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్ అన్నీ బోనాలెత్తే ఊళ్లే. ఇప్పుడు అక్కడ అద్దాల మేడల్లో పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఫోన్లలో ఎరిక్ క్లాప్టన్ ఉంటాడు, పక్కనే కిన్నెర మొగులయ్య ఉంటాడు, పెళ్లి బరాత్‌కి డీజే జానపదాలూ ఉంటాయి. నగరంలో స్థిరపడ్డ తరం పల్లెపాట వైపు మళ్లడమే 1960ల చివర అమెరికాలో కంట్రీ రాక్‌కి పుట్టుక. మన దగ్గర ఆ మళ్లడం మొదలైంది. అయితే వెనక్కి నడిచి వెళ్లడానికి ఆ అమెరికా కుర్రాళ్లకు దారి ఉంది, మనకు ఆ దారి సరిగా లేదు. ఎందుకు లేదని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: మన జానపదాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. నా లెక్కలో ఆ జవాబు తప్పు. మన పాట రికార్డుకెక్కింది. పాడినవాళ్ల పేర్లే ఎక్కలేదు.

అమెరికాలో పేర్లు ఎలా ఎక్కాయో చూస్తే ఈ తేడా తేటపడుతుంది. అక్కడ మొదట కదిలించింది సాంస్కృతిక ప్రేమ కాదు, వ్యాపారం. 1920లో మామీ స్మిత్ పాడిన బ్లూస్ పాట ఊహించనంతగా అమ్ముడుపోయాక, నల్లవాళ్లు కూడా డబ్బిచ్చి ప్లేట్లు కొంటారని కంపెనీలకు తెలిసింది. 1923లో రాల్ఫ్ పీర్ అట్లాంటా వెళ్లి ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే పల్లె వాయులీన కళాకారుణ్ణి రికార్డు చేశాక కొండప్రాంతాల తెల్లవాళ్ల పాటకూ గిరాకీ ఉందని తేలింది. పీర్ తర్వాత విక్టర్ కంపెనీకి మారాడు. జీతం అక్కర్లేదు, పాటల ప్రచురణ హక్కులు నాకిస్తే చాలన్నాడు. దాంతో కథంతా మారిపోయింది. హక్కుల మీద బతికేవాడికి అనామక పాట పనికిరాదు. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఏ రోజు, ఎక్కడ అన్నది కాగితం మీద ఉంటేనే కాసులు. 1927 జులై చివర్లో అతను టెనెసీ సరిహద్దులోని బ్రిస్టల్‌లో మకాం వేసి, రెండు వారాలు నిండకుండానే 19 బృందాలతో 76 పాటలు పట్టాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ ఆ కొద్ది రోజుల్లోనే మైకు ముందుకొచ్చారు. పాటకు 50 డాలర్లు, ఆపై అమ్మకం మీద ఏవో కొన్ని సెంట్లు. బేరం న్యాయమైనదేమీ కాదు. కానీ రిజిస్టరు మిగిలింది.

1952లో హ్యారీ స్మిత్ అనే విచిత్రమైన మనిషి తన దగ్గరున్న పాత ప్లేట్లలోంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఒక సంకలనం తెచ్చినప్పుడు ఆ లేబుళ్లే పనికొచ్చాయి. ప్రతి పాటకూ పాడినవాళ్ల పేరు, తేదీ, రికార్డు నంబరు అందులో ఉన్నాయి. బాబ్ డిలన్ తరం నేర్చుకున్నది ఆ సంకలనం నుంచే. ఆ తరం తన అప్పు తీర్చుకున్న తీరు కూడా గొప్పగా ఉంటుంది. 1971 ఆగస్టులో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనే పొడుగు జుట్టు రాక్ కుర్రాళ్లు నాష్‌విల్‌లోని వుడ్‌ల్యాండ్ స్టూడియోకి మేబెల్ కార్టర్, రాయ్ ఏకఫ్, డాక్ వాట్సన్, ఎర్ల్ స్క్రగ్స్, మెర్ల్ ట్రావిస్ లాంటి పెద్దవాళ్లను పిలిచి, వాళ్ల పక్కన కూర్చుని వాయించారు. మరుసటి ఏడాది మూడు ప్లేట్ల ఆల్బమ్‌గా అది బయటికొచ్చింది. పాటకూ పాటకూ మధ్య పెద్దవాళ్లు చెప్పిన మాటలను కూడా కత్తిరించకుండా ఉంచారు. బ్రిస్టల్‌లో మైకు ముందు నిలబడ్డ మేబెల్‌ను 44 ఏళ్ల తర్వాత మనవళ్ల వయసువాళ్లు వెతుక్కుంటూ వచ్చారంటే, మధ్యలో పేరు తెగిపోలేదు కాబట్టే.

ఇక మన సంగతి. తెలుగు జానపదాన్ని మన పండితులు ప్రాణంగా ప్రేమించారు, అందులో సందేహం లేదు. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పాటలు సేకరించి మిన్నేరు, మున్నేరు లాంటి సంపుటాలు తెచ్చారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ పొందారు. ఆ ఒక్క గ్రంథం ఎన్ని దారులు తెరిచిందో లెక్కలేదు. కానీ ఆ శ్రమంతా అచ్చులోకి వెళ్లింది. అచ్చులోకి మాటలు ఎక్కుతాయి. బాణీ, గొంతు, డప్పు దరువు, ఊపిరి తీసుకునే చోటు ఎక్కవు. కార్టర్ కుటుంబ పెద్ద ఏపీ కార్టర్ కొండల్లో పాటలు ఏరుకోవడానికి వెళ్తే వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్లేవాడు. ఏపీ మాటలు రాసుకుంటే రిడిల్ బాణీలను జ్ఞాపకంలో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేవాడు. మన సేకర్తల్లో ఎక్కువమంది వెంట రిడిల్ లేడు. వింజమూరి అనసూయ, సీత అక్కాచెల్లెళ్లు ఆ లోటు చాలావరకు తీర్చారు. బాణీలు సేకరించారు, కచేరీల్లో, రేడియోలో పాడారు, గ్రామఫోను ప్లేట్లు ఇచ్చారు. అయితే ప్లేటు మీదికి వచ్చేసరికి అది వాళ్ల గొంతు, వాళ్ల పేరు. వాళ్లకు పాట నేర్పిన నాట్ల కూలీ పేరు అచ్చయ్యే చోటే ఆ లేబుల్ మీద లేదు.  

సినిమా ఈ తంతును మరింత పెద్దది చేసింది. 1955లో రోజులు మారాయి సినిమాలో కొసరాజు రాసిన ఏరువాక పాట, మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు, మూడూ మనకు తెలుసు. ఆ పల్లె వరస బాగా నచ్చి ఎస్.డి. బర్మన్ 1960లో బంబయి కా బాబూ అనే హిందీ సినిమాకు తీసుకెళ్లారు. ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తూ తరతరాలుగా అలాంటి వరసలు పాడినవాళ్లు మాత్రం బొంబాయికి పేరు లేకుండానే ప్రయాణం చేశారు. 1980లో విడుదలైన మా భూమిలో గద్దర్ పాడిన బండెనక బండి పాట ఇంకా స్పష్టమైన సాక్ష్యం. దాన్ని కట్టింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి. చాలామంది ఇప్పటికీ అది గద్దర్ పాటే అనుకుంటారు. గద్దర్ తప్పు ఇందులో లేదు. యాదగిరి పేరు నిలిచిందంటే ఉద్యమకారుల నోటిమాట వల్ల నిలిచింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. జానపదం అంటేనే అందరిదీ, దానికి కర్త ఉండడు, పేరు తగిలించడమంటే ఊరుమ్మడి బావికి తాళం వేసినట్టే అని. ఈ మాటలో సగం నిజముంది, పాట కట్టిందెవరన్న వరకు. మనం ఎంత తేలిగ్గా కర్తను మరిచిపోతామో చెప్పడానికి మొక్కజొన్న తోటలో పాట చాలు. అది కొనకళ్ళ వెంకటరత్నం రాసిన గేయం, ఊరి పాటగా చలామణీ అయిపోయింది. అయినా కర్త దొరకని పాటలు వేలున్నాయి, ఒప్పుకుంటాను. పాడిన మనిషి మాత్రం ప్రతిసారీ ఉంటారు కదా. పల్నాటి వీరుల కథ ఎవరి సొత్తూ కాదు. కానీ జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు దాన్ని గాయకుడు పాడుతుండగా రికార్డు చేసుకుని 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చినప్పుడు, ఇది అలిశెట్టి గాలేయ్య పాడిన పాఠం అని స్పష్టంగా చెప్పాడు. దానివల్ల కథ ఒకరి సొంతమైపోలేదు. గాలేయ్య ఎవరో మనకు తెలిసింది, అంతే. ఊరుమ్మడి బావిలోంచి ఆ పూట నీళ్లు చేదినది ఎవరో రాసుకున్నంత మాత్రాన బావికి తాళం పడదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. అమెరికా కంపెనీలు నల్ల గాయకులను నిలువునా దోచుకున్నాయి, వాళ్లను చూసి నేర్చుకునేదేముంది? దోచుకున్న మాట నిజం. రిడిల్ పేరు కార్టర్ల ప్లేట్ల మీద లేదు. 1933లో జైల్లో లెడ్‌బెల్లీ అనే గాయకుణ్ణి రికార్డు చేసిన జానపద సేకర్తలు లోమాక్సులు తర్వాత అతని పాటల్లో తమ పేర్లూ కలుపుకున్నారు. బ్రిటిష్ రాక్ బృందాలు బ్లూస్ పాటలను అడగకుండా ఎత్తుకుపోయాయి. కానీ అదే కాగితం దోపిడీకి సాక్ష్యం కూడా పలికింది. లెడ్ జెప్పెలిన్ 1969 ఆల్బమ్‌లోని పాట తను మడ్డీ వాటర్స్‌కి రాసిచ్చినదాన్ని పోలి ఉందని విల్లీ డిక్సన్ 1985లో దావా వేస్తే, రెండేళ్లకు ఆ బృందం రాజీకి రావలసి వచ్చింది. డిక్సన్ పేరు పాత రికార్డు మీద లేకపోతే కోర్టులో ఆయన నోటిమాట తప్ప ఏం చూపించేవాడు? పేరు రాసినంత మాత్రాన న్యాయం జరగదు, నిజమే. పేరు లేకపోతే న్యాయం అడగడానికే చోటుండదు.

2021లో ఈ ప్రశ్న మన దగ్గరికే వచ్చింది. లవ్ స్టోరీ సినిమాలోని సారంగ దరియా పాట మారుమోగుతుండగా, ఆ జానపదాన్ని టీవీ వేదిక మీదికి తెచ్చింది తనేనని కోమలి అనే గాయని ముందుకొచ్చారు. ఆమెకు పేరూ పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా చెప్పారు. అదే ఏడాది సెప్టెంబరులో భీమ్లా నాయక్ పాటలో దర్శనం మొగులయ్య పేరుతో సహా కనిపించారు. వెదురు దండికి ఎండు సొరకాయ బుర్రలు బిగించి, తేనెమైనంతో మెట్లు నిలబెట్టిన ఆ పన్నెండు మెట్ల కిన్నెరను నగరం ఒక్కసారిగా గుర్తుపట్టింది. (బ్యాంజో కూడా మొదట్లో సొరబుర్రే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు చేసుకున్నది.) 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయినా రెండేళ్లు తిరిగేసరికి ఆయన దినకూలీగా పనిచేస్తున్నారన్న వార్తలు చదివాం. పేరు కడుపు నింపలేదని ఎవరైనా అంటే నేను కాదనను. మన చట్టంలో 1994 నుంచి ప్రదర్శకుల హక్కు ఉంది. 2012 సవరణ ఆ హక్కును, వాళ్ల రాయల్టీ వాటాను ఇంకా బలపరిచింది. అది చేతికి అందాలంటే ప్రతి వాడకం దగ్గరా ఆ మనిషి ఎవరో నమోదై ఉండాలి. ఒక్క సినిమా పాటలో పేరు పడటం వేరు, వాడిన ప్రతిసారీ లెక్కలోకి రావడం వేరు.

ఈ లెక్క రాయడానికి సైబరాబాద్ కంటే అనువైన చోటు ఉందా? ప్రపంచంలోని బ్యాంకులకు, ఆసుపత్రులకు ఖాతాలు కట్టే పని ఈ వీధుల్లోనే జరుగుతోంది. చౌరస్తా లాంటి హైదరాబాద్ బ్యాండు ఊరెళ్లిపోతా మామ అంటూ రెగ్గే దరువుతో పల్లెను పాడినప్పుడు ఈ కారిడార్‌లోని కుర్రాళ్లు తమ పాటగా తీసుకున్నారు. ఆ కుర్రాళ్లే ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని నారాయణపేట, నాగర్‌కర్నూల్ వెళ్లి బుర్రవీణ, కిన్నెర పట్టుకొస్తున్నారు. స్టూడియోలో డప్పు రికార్డు చేశాక కంప్యూటర్ ఫైలుకు పేరు అడుగుతుంది. అక్కడ డప్పు మూడు అని కొట్టడానికి రెండు సెకన్లు పడుతుంది. వాయించినాయన పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ కొట్టడానికి అర నిమిషం.