చందా రుమాలు నుంచి ఖుస్తుంతునియా దాకా



మా కొల్లూరులో జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గుమ్మం దగ్గర రుమాలు పరిచారంటే ఎక్కడో ఎవరికో ముసీబత్ వచ్చిందని అర్థం. గాజా కోసం పరిచిన రోజున నా పక్కనున్న పెద్దాయన జేబులో చెయ్యి పెట్టి మళ్లీ బయటికి తీశారు. "దేతుఁ బేటా, లేకిన్ వాఁ తక్ పహుంచ్తా క్యా?" అన్నారు. ఇస్తాను గానీ అక్కడిదాకా చేరుతుందా అని.

ఆయన పిసినారి కాదు. చాలా ఏళ్ల క్రితం ఒకాయన దూరదేశపు జల్‌జలా బాధితుల పేరు చెప్పి మా దగ్గర చందా పట్టుకెళ్లాడు. ఇవాళ్టి దాకా హిసాబ్ చెప్పలేదు. ఆ దెబ్బ పెద్దాయనకి ఇంకా గుర్తుంది. ఆయన సవాల్‌కి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తారీఖ్‌లో వెతికితే నూరేళ్ల వెనక దొరికింది.

1912 అక్టోబర్‌లో బాల్కన్ జంగ్ మొదలైంది. మాంటెనీగ్రో, సెర్బియా, బల్గేరియా, గ్రీస్ కలిసి ఉస్మానియా సల్తనత్ మీదికి వచ్చాయి. నవంబర్‌కల్లా బల్గేరియా ఫౌజ్ ఖుస్తుంతునియాకి, అంటే ఇవాళ్టి ఇస్తాంబుల్‌కి, దగ్గరలో ఉన్న చటాల్జా దాకా వచ్చేసింది. తుపాకీ గుండుకి తోడు కలరా వచ్చింది. ఊళ్లు వదిలిన ముహాజిర్లు రాజధానిలోకి వచ్చిపడ్డారు. ఆయా సోఫియా మస్జిద్‌లో కలరా రోగుల్ని పడుకోబెట్టాల్సి వచ్చింది.

ఈ ఖబర్ హిందుస్తాన్‌కి చేరగానే ఊరూరా చందాలు లేచాయి. మౌలానా ముహమ్మద్ అలీ తన 'కామ్రేడ్' పత్రికలో పిలుపిచ్చారు. కానీ డబ్బు పంపితే సరిపోదు, గాయాలు కట్టే చేతులు కావాలి అనుకున్నారు. ఆ చేతులకి సర్దార్‌గా నిలిచినవారు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ.

అన్సారీ సాహెబ్ గాజీపూర్ వైపు మనిషే అయినా మనకి పరాయి కాదు. ఆయన చదువుకునే రోజుల్లోనే కుటుంబం హైదరాబాద్‌కి మారింది. డాక్టరీ చదివింది మద్రాసు మెడికల్ కాలేజీలో. అప్పటికి మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ తర్వాత లండన్‌లో పై చదువులు చదివి, చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో పనిచేసి, ఢిల్లీలో ప్రాక్టీసు పెట్టుకున్నారు. బాగా సాగుతున్న ఆ ప్రాక్టీసుని పక్కన పెట్టి 1912 డిసెంబర్‌లో బొంబాయిలో ఓడ ఎక్కారు. వెంట ఉన్నవాళ్లు పాతిక మందికి అటూ ఇటూ. డాక్టర్లే కాదు, అలీగఢ్ విద్యార్థులూ ఉన్నారు. వాళ్లలో అబ్దుర్రహ్మాన్ పెషావరీ అనే యువకుడు ప్రయాణపు ఖర్చుకి తన సామాన్లు అమ్ముకున్నాడని చెబుతారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జజ్బా ఉన్నంత మాత్రాన సరిహద్దు దాటనివ్వరు. మన మీద అప్పుడున్నది అంగ్రేజ్ సర్కార్. ఈ జంగ్‌లో ఎవరి పక్షమూ కాదని అది ఎలాన్ చేసింది. కాబట్టి సిపాయిలుగా వెళ్లే దారి లేదు. 1906 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం, జంగ్‌లో లేని దేశపు సేవాసంఘం రణరంగంలో వైద్యం చెయ్యాలంటే ముందు తన సర్కార్ ఒప్పుకోవాలి, తర్వాత ఎవరికి సాయం చేస్తున్నారో వాళ్లు ఇజాజత్ ఇవ్వాలి. దవాఖానా మీద ఎగిరే జెండాకి హిఫాజత్ ఆ కాగితాల వల్లే వస్తుంది. ఉస్మానియా వాళ్లు శిలువ గుర్తుకి బదులు 1870ల నుంచే నెలవంకని వాడుతున్నారు. అదే హిలాల్-ఎ-అహ్మర్.

అన్సారీ బృందం 1913 జూలైలో తిరిగొచ్చేదాకా జఖ్మీల ఖిద్మత్ చేసింది. ఈలోగా మార్చిలో ఎడిర్నే పడిపోయింది, మే నెలలో లండన్‌లో సంధి జరిగింది. వీళ్లు వెళ్లడం వల్ల జంగ్ నతీజా మారలేదు. మారాలని వెళ్లినవాళ్లూ కారు.

నన్ను ఆపింది ఇంకో విషయం. అన్సారీ సాహెబ్ అక్కడి నుంచి ఖత్‌లు రాసేవారు. అవి 'కామ్రేడ్'లో అచ్చయ్యేవి. తన డబ్బు ఎక్కడ ఏ పనికి వస్తోందో చందా ఇచ్చినవాడు ఇంట్లో కూర్చుని చదువుకునేవాడు. మా పెద్దాయన అడిగిన సవాల్‌కి జవాబు ఆ ఖత్‌లే. అమానత్ అంటే డబ్బు మోసుకెళ్లడం ఒక్కటే కాదు, తిరిగి వచ్చి చెప్పడం కూడా.

పెషావరీ మాత్రం తిరిగి రాలేదు. తుర్కీలోనే ఉండిపోయి, అంకారా ప్రభుత్వం తరఫున కాబూల్‌కి సఫీర్‌గా వెళ్లి, 1925లో ఇస్తాంబుల్‌లో తుపాకీ గుండుకి బలయ్యాడు. అన్సారీ సాహెబ్ 1927లో కాంగ్రెస్ సదర్ అయ్యారు. ఆ మహాసభ జరిగింది మద్రాసులోనే, తాను డాక్టరీ నేర్చుకున్న ఊళ్లో.

గాజా దగ్గర కథ వేరు. 2023 అక్టోబర్ 21న రఫా దాటి లోపలికి వెళ్లిన మొదటి ఖాఫిలాలో ఉన్నవి 20 లారీలు. వెనక బారులు తీరి నిలబడ్డవి ఎన్నో. అప్పుడు సామాను ఉండింది, డ్రైవర్లుండేవారు, ఇజాజత్ లేకపోయింది. అందుకే రుమాల్లో పదిరూపాయలు వేసే ముందు అడగాలి. ఎవరి ద్వారా వెళుతోంది? వాళ్లకి సర్కార్ అనుమతి ఉందా? రసీదు ఇస్తారా? ఇలా అడిగితే సవాబ్ తగ్గదు.

2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంక గ్రామాలు నీళ్లలో ఉన్నాయి. పడవ మీద అన్నం పొట్లం అందుకున్నవాళ్లకి తెలుసు, సాయం బయల్దేరడం వేరు, చేరడం వేరు అని.

తర్వాతి జుమాకి పెద్దాయనకి ఈ కథంతా చెప్పాను. విని, "తో రసీద్ లేకే దేతుఁ" అన్నారు. రసీదు తీసుకునే ఇచ్చారు.