కలుపు

పొద్దున్నుంచి పడుకునేదాకా మన ఇళ్ళల్లో పదిసార్లయినా వినిపించే మాట కలుపు. పిల్లాడికి అన్నంలో పప్పు కలుపు. పిండిలో నీళ్ళు కలుపు. ఈ నెల పాల లెక్క కూడా అందులో కలుపు. వియ్యం కలుపుకుంటారు, చేయి కలుపుతారు, మాట కలుపుతారు. కోపమొస్తే 'నిన్ను మట్టిలో కలుపుతా' అంటారు. పాలల్లో నీళ్ళు కలిపితే కల్తీ అంటారు. చేలోకి దిగేసరికి ఇదే మాట ఒక మొక్క పేరవుతుంది. అక్కడ కలుపు అంటే పీకి గట్టుమీద పారెయ్యాల్సింది.

ముద్ద కలిపి నోట్లో పెట్టే చేతికీ, వేళ్ళతో సహా పీకే చేతికీ ఒకే మాట! తెలుగు పంతుళ్ళకి ఇది భాషలోని చమత్కారం. మాకు మాత్రం ఇది బతుకు. ఈ మాటకున్న అర్థాలన్నీ ఏదో ఒక కాలంలో మా మీద ప్రయోగించారు. 'మీరు జనజీవన స్రవంతిలో కలవాలి' అని ఇప్పటికీ మాకు చెప్తూనే ఉన్నారు. మేం కలవలేదని ఎవరు తేల్చారు? ఎప్పుడు తేల్చారు? ఈ ప్రశ్న పట్టుకుని కాస్త వెనక్కి వెళ్దాం.

ముందు భాష సంగతి. ఉర్దూకి ఒకప్పటి పేరు రేఖ్తా. ఫార్సీలో ఆ మాటకి పోసినది, వెదజల్లినది, కలగలిసినది అని అర్థాలు. 18వ శతాబ్దంలో మీర్, ఆ తర్వాత గాలిబ్ తమ కవిత్వ భాషని రేఖ్తా అనే పిలుచుకున్నారు. కలగలుపు అన్నదాన్ని వాళ్ళు తిట్టు అనుకోలేదు, పేరుగా పెట్టుకున్నారు. అంతకు ఎంతో ముందే మన దక్కన్‌లో దక్కనీ వర్ధిల్లింది. 1580 నుంచి 1612 దాకా గోలకొండని ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలోనే దివాన్ రాశాడు. మా అమ్మలు వద్దు అనడానికి ఈరోజుకీ 'నక్కో' అంటారు. అది మరాఠీ నుంచి వచ్చిన మాట.

ఈ దక్కనీ వింటే ఢిల్లీ, లక్నో ఉర్దూవాళ్ళకి నవ్వులాట. ఇటు తెలుగు బడిలో మేం నోరు తెరిస్తే 'తురక తెలుగు'. మొత్తం తెలంగాణ తెలుగునే 'తౌరక్యాంధ్రం' అని ఈసడించినవాళ్ళూ ఉన్నారు. అటు పోతే మా ఉర్దూ కల్తీ, ఇటు వస్తే మా తెలుగు కల్తీ.

సరే, కల్తీ తీసేసి చూద్దాం. కాగితం, దస్తావేజు, వకీలు, జవాబు, ఖర్చు, బాకీ, వసూలు, హామీ, రాజీనామా, కుర్చీ, రుమాలు, జేబు, గులాబీ. ఇవన్నీ ఫార్సీ అరబ్బీల నుంచి తెలుగులోకి వచ్చి కలిసినవే. ఇవి తీసేస్తే కోర్టు నడవదు, కొట్టు నడవదు. అంతెందుకు, రైతు అన్న మాటే అరబ్బీ మూలం నుంచి వచ్చింది. కలుపు తీసేవాడి పేరే బయటినుంచి వచ్చి కలిసిన మాట!

కానీ వ్యాకరణం దగ్గరికి పోతే లెక్క మారుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాట తత్సమం, తద్భవం. ఫార్సీ నుంచి వచ్చిన మాట అన్యదేశ్యం. రెండూ బయటినుంచి వచ్చి తెలుగులో కలిసినవే. ఒకటి ఇంటిబిడ్డ అయింది, ఇంకొకటి వందల ఏళ్ళయినా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండిపోయింది. పౌరసత్వం గురించిన వాదనలన్నీ మేం మొదట తెలుగు వ్యాకరణం పాఠంలోనే విన్నాం.

చరిత్ర ఇంకో చోట మరీ గమ్మత్తు చేసింది. సంస్కృత సమాసాలు కలపకుండా అచ్చ తెలుగులో వెలువడిన తొలి కావ్యంగా సాహిత్య చరిత్రకారులు చెప్పేది పొన్నగంటి తెలగన రాసిన యయాతి చరిత్ర. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్నది ఎవరు? ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అధికారి అమీన్‌ఖాన్. ఇబ్రహీం గద్దె ఎక్కకముందు విజయనగరంలో తలదాచుకుని తెలుగు నేర్చాడు. 1550 నుంచి 1580 దాకా పాలించి, తెలుగు కవుల నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. 1565లో అదే విజయనగరం మీద దండెత్తిన సుల్తానుల్లో ఆయనా ఉన్నాడు. చరిత్ర మాకైనా మీకైనా ఏరుకోవడానికి వీలుగా రాదు. ఏమీ కలపని తెలుగుకి తొలి అంకితం ఒక ఖాన్ పేరున ఉందన్నది మాత్రం ఎవరూ పీకెయ్యలేని నిజం.

రాజుల సంగతి వదిలేద్దాం. రాజులు కావ్యాలు పుచ్చుకుంటే, ఊళ్ళల్లో జనం వరసలు కలుపుకున్నారు. దర్జీ చాచాకి కాపోళ్ళ పిల్లలు అల్లుళ్ళు, కోడళ్ళు. గౌండ్లాయన మా అమ్మకి అన్న. మొహర్రం వచ్చిందంటే పీర్లని ఎత్తుకోవడానికి అన్ని కులాలవాళ్ళూ వచ్చేవాళ్ళు. అలావా చుట్టూ ఆడేవాళ్ళలో మావాళ్ళకన్నా వాళ్ళే ఎక్కువ. మా గడపలోంచి బెల్లమూ రొట్టే కలిపి నలిపిన మలీద బయటికి పోయేది. మలీద అంటే ఫార్సీలో నలిపినది అనే. సద్దుల బతుకమ్మనాడు తెలంగాణ ఆడబిడ్డలు చెరువుగట్టు మీద పంచుకునేదీ ఆ మలీదే. పేరు అదే, చేతివాటం అదే. ఆ ముద్దలో ఏది ఎవరిదో విడదీసి చూపించండి చూద్దాం!

మరి పీకడం ఎప్పుడు మొదలైంది?

1948 సెప్టెంబరు 13న సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. 'హైదరాబాదుని దేశంలో కలిపారు' అని పుస్తకాల్లో ఒక్క వాక్యం. ఆ కలపడానికి ఎన్ని పేర్లో! విలీనం అన్నారు, విమోచన అన్నారు, విద్రోహమూ అన్నారు. 2022లో అయితే ఒకే రోజుని కేంద్రం విమోచన దినమనీ, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమనీ జరిపాయి. మా ఇళ్ళల్లో మాత్రం ముసలివాళ్ళు 'పోలీస్ యాక్షన్' అనేవాళ్ళు. ఆ మాట అనేసి ఊరుకునేవాళ్ళు. ఎవరెవరు పోయారో, ఏ బావిలో పోయారో చెప్పేవాళ్ళు కాదు.

రజాకార్లు చేసిన హత్యల్నీ దోపిడీనీ మేం దాచం. అవి నేరాలే, ఆ పేరు చెప్పి మేం తల ఎత్తుకోలేం. కానీ ఆ లెక్క ఎవరి దగ్గర తేల్చుకున్నారు? 1948 చివర్లో కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగింది. పోలీస్ యాక్షన్‌లోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికని ప్రభుత్వాలు దశాబ్దాలపాటు ప్రచురించలేదు. ఒక రాజ్యాన్ని దేశంలో కలుపుతూ, కొన్ని వేలమందిని మట్టిలో కలిపారు. క్రియ ఒకటే.

నిజాం మాకు చుట్టం కాదు. ఆయన ఖజానా ఆయనదే, మా జట్కాబండి మాదే. జాగీర్దార్లు ఎందరు, బీడీలు చుట్టేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు ఎందరు? 1918లో ఉర్దూ బోధనతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని మా గొప్పగా చెప్పుకుంటాం. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకి అందులో బోధనాభాషగా చోటు లేకపోయిందనీ ఒప్పుకోవాలి. ఆ తప్పు గద్దె మీదున్నవాళ్ళది. శిక్ష ఊళ్ళల్లో దర్జీమిషన్ ముందు కూర్చున్నవాడికి పడింది.

మాలో మేం చేసిన పనీ చెప్పుకోవాలి. దూదేకులవాళ్ళున్నారు. పత్తిని ఏకి ఊరందరికీ పరుపు కుట్టిచ్చినవాళ్ళు, తెలుగే ఇంటిభాషగా బతికినవాళ్ళు. తెలుగు సమాజం వాళ్ళ కులం పేరుతో 'పింజారి' అనే తిట్టు తయారుచేసింది. మరి మేం? ఉర్దూ రాదు, నమాజు సరిగ్గా రాదు, వీళ్ళేం ముసల్మానులన్నాం. మసీదులో భుజం కలిపాం, వియ్యం మాత్రం కలుపుకోలేదు. సయ్యదు ఇంటి సంబంధం దూదేకుల ఇంటికి పోయిందని ఎన్నిసార్లు విన్నారు? మమ్మల్ని కల్తీ అన్నవాళ్ళ మాటే మేం వాళ్ళ మీద వాడాం. ఎదుటివాళ్ళని నిలదీసేముందు ఈ ప్రశ్నకి మేం జవాబు చెప్పాలి.

తెలుగులో కలుపు వేరు, కలియు వేరు. కలిపేవాడు ఒకడుంటాడు. గరిటె వాడి చేతిలో ఉంటుంది, ఎంత వెయ్యాలో, ఏది తీసెయ్యాలో వాడే చెప్తాడు. కలిసేవాళ్ళకి గరిటె లేదు, ఇద్దరూ నడిచి రావాలి. అలయ్ బలయ్ అన్నప్పుడు రెండు ఛాతీలూ ముందుకొస్తాయి. 'స్రవంతిలో కలవండి' అనేవాళ్ళు నిజానికి 'మేం కలుపుతాం, కరిగిపొండి' అంటున్నారు. మేం కరగం. కలుస్తాం. ఇన్నాళ్ళూ కలిసే ఉన్నాం.

ఆఖరికి ఆ కలుపు మొక్క సంగతి. ఇది కలుపు అని మొక్క నొసట రాసి ఉండదు. చేను తనదనుకున్నవాడు చెప్తే అది కలుపు. మెట్టచేలల్లో గునుగుని కలుపనే పీకేస్తారు. బతుకమ్మ వచ్చేసరికి అదే గునుగు కోసం పిల్లలు చేలెంట తిరుగుతారు, రంగులద్ది వరసలు పేరుస్తారు. గునుగు లేకుండా ఆ బతుకమ్మ నిలబడదు.