మోడల్ బల్ల మీది మనిషి: ఆధునిక భారతీయ చిత్రకళలో స్త్రీ నగ్నత

మన దేశపు శిల్పంలో బట్టలేని స్త్రీ దేహానికి రెండు వేల ఏళ్ళ వయసుంది. అదే దేహం తైలవర్ణ చిత్రంగా, చట్రం కట్టించుకుని గ్యాలరీ గోడెక్కి మాత్రం నూరేళ్ళు దాటిందంతే. మథుర యక్షిణులు, అమరావతి సున్నపురాతి ఫలకాల మీది స్త్రీలు, 1213 నాటి రామప్ప గుడి చూరు కింద నిలబడిన మదనికలు ఎవరి ముందూ బట్టలు విప్పినవాళ్ళు కారు. రామప్ప నల్లరాతి నాగిని ఒంటి మీద పాములున్నాయి, హారాలున్నాయి, నడుముకు మొలనూలుంది. ఆమెను చూసినవాళ్ళకు ఏదో లోపించిందని తోచదు. ఆ శిల్పికి ఎదురుగా ఫలానా ఇంటి ఫలానా ఆడమనిషి కూర్చోవలసిన పని కూడా లేదు. ముఖం ఎంత, నడుము ఎంత, తొడ ఎంత అన్న తాళప్రమాణాలు అతని చేతికి తరతరాలుగా వచ్చినవే.

ఐరోపా అకాడమీల నుంచి వచ్చిన నగ్నచిత్రం దీనికి పూర్తిగా వేరు. అందులో ఒక గది ఉంటుంది, కిటికీ వెలుతురు ఉంటుంది, ఎత్తుబల్ల మీద కూలికి వచ్చిన ఒక మనిషి ఉంటుంది. ఆమె చుట్టూ బొగ్గుకడ్డీలు పట్టుకుని చూసేవాళ్ళుంటారు. మన దేశానికి కొత్తగా వచ్చింది నగ్నత కాదు, ఈ గది. ఇక్కడి చిత్రకారులు ఆ తర్వాత వేసిన బొమ్మలూ, వాటి మీద నడిచిన కేసులూ, ఆడవాళ్ళు కుంచె పట్టాక వచ్చిన మార్పూ అన్నీ ఆ గదిలో ఎవరు ఎవరిని ఎలా చూశారన్న దాని చుట్టూనే తిరిగాయి.

గది రాకముందే తైలవర్ణం వచ్చింది. కిలిమానూరు రాజా రవివర్మ (1848–1906) స్త్రీ చర్మానికి మెరుపును, చీర మడతకు బరువును తెచ్చాడు. ఆయన పుట్టిన తిరువాన్కూరులో ఆడవాళ్ళు పైట లేకుండా తిరగడం రోజువారీ సంగతి. కింది కులాల స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడితే గానీ 1859లో నాడార్ స్త్రీలకు ఆ అనుమతి రాలేదు. అంటే అక్కడ ఒంటి మీద బట్ట ఉండడం, లేకపోవడం కులానికి సంబంధించిన విషయం. సిగ్గుతో దానికి పెద్దగా పని లేదు. ఆ నేల మీద పెరిగిన రవివర్మే లక్ష్మికీ సరస్వతికీ నిండుగా చీర చుట్టి, రవిక తొడిగాడు. 1894లో బొంబాయిలో పెట్టిన ఆయన ముద్రణాలయం నుంచి ఆ పటాలు దేశమంతటా ఇళ్ళ గోడలకెక్కాయి. దేవత అంటే ఒళ్ళంతా కప్పుకున్నదే అన్న నమ్మకం పాతుకుపోవడంలో ఆ పటాల పాత్ర చాలా పెద్దది. వందేళ్ళ తర్వాత, దేవతల్ని నగ్నంగా గీశాడని చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ మీద విరుచుకుపడినవాళ్ళు సంప్రదాయం అనుకున్నది చాలావరకు ఆ ముద్రణాలయం ఇచ్చిన రూపమే.

బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో మొదలైంది. మొదట్లో అక్కడి విద్యార్థులు ప్లాస్టర్ బొమ్మల్ని చూసి గీసేవారు. 1919లో బాధ్యతలు తీసుకున్న గ్లాడ్‌స్టోన్ సాలమన్ నగ్న మోడల్‌ని పెట్టి లైఫ్ క్లాసు నడిపించాడు. ఎముక ఎక్కడ పైకి తేలుతుందో, కండ ఎక్కడ వదులవుతుందో, కూర్చున్నప్పుడు పొట్ట మీద ముడత ఎలా పడుతుందో విద్యార్థి కళ్ళారా చూసి గీయడం అప్పటి నుంచి చదువులో భాగమైంది. ప్లాస్టర్ బొమ్మ ఊపిరి తీసుకోదు, అలసిపోదు. మనిషి అలసిపోతుంది. అరగంట పోజు చివరికి భుజం జారుతుంది, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. మంచి విద్యార్థి నేర్చుకునేది ఆ జారుడులోనే. ఈ పనికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పేదిళ్ళ ఆడవాళ్ళు, కూలి కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ దేహాలు వేల కాగితాల మీద మిగిలాయి గానీ, పేర్లు కళాచరిత్రకు ఎక్కలేదు. గురువుల పేర్లు, శిష్యుల పేర్లు, పతకాల పేర్లు రాసుకున్న చరిత్రకు ఇది తీరని లోటు. అలాంటి ఒక మోడల్ బతుకు మీద రవి జాధవ్ మరాఠీలో తీసిన ‘న్యూడ్’ సినిమాను 2017లో గోవా చిత్రోత్సవం జాబితా నుంచి తీసేశారు. బొమ్మకు దొరికిన గౌరవం ఆ బొమ్మకు కూర్చున్న మనిషి కథకు దొరకలేదు.

జె.జె. స్కూల్లో చదివినవాళ్ళలో రాజమండ్రి కుర్రవాడు దామెర్ల రామారావు (1897–1925) ఒకడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి దారి పట్టించాడు. రామారావు తిరిగొచ్చి సొంత ఊళ్ళో చిత్రకళాశాల నడిపాడు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ లాంటి చిత్రాల్లో అతను ఐరోపా చదువుని ముందుకు తోసుకురాలేదు. దేహనిర్మాణం తెలిసిన చెయ్యి, అజంతా గీత తెలిసిన కన్ను రెండూ ఒకే నీటిరంగులో కలిసిపోయాయి. అతని స్త్రీల నడుము వంపులో మోజు ఉంటుంది, మర్యాద కూడా ఉంటుంది. నిండా ఇరవై ఎనిమిదేళ్ళయినా రాకముందే మశూచి అతన్ని పొట్టన పెట్టుకుంది. అతను బతికి ఉంటే తెలుగునాట లైఫ్ స్టడీకి ఇంకా ఏళ్ళ తరబడి ఆగవలసిన అవసరం ఉండేది కాదేమో. రాజమండ్రిలో అతని పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆ చిత్రాలు ఇప్పటికీ చూడవచ్చు.

అదే రోజుల్లో బెంగాల్లో హేమేంద్రనాథ్ మజుందార్ (1894–1948) ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. చెరువులో మునిగి ఇంటిదారి పట్టిన పల్లెపడుచు, ఒంటికి అతుక్కున్న తడిచీర. బట్ట ఉంది కాబట్టి నగ్నచిత్రం అనడానికి లేదు. అది దాచింది ఏమీ లేదు కాబట్టి చూపు ఆగదు. 1920ల్లో బొంబాయి ఆర్ట్ సొసైటీ అతనికి బహుమతులిచ్చింది. నీటికి తడిసిన గుడ్డ పారదర్శకంగా మారే తీరును అతను చిత్రించిన పనితనం సాటిలేనిది. అయితే అతని స్త్రీ చాలాసార్లు వీపు తిప్పి ఉంటుంది, లేదా తల దించుకుని ఉంటుంది. చూస్తున్నవాడిని ఆమె చూడదు. తర్వాతి కాలంలో క్యాలెండర్లూ, సినిమా పాటలూ తడిచీరను అరువు తెచ్చుకున్నది ఈ చూపుతో సహానే.

ఆ చూపును తిప్పింది అమృతా షేర్‌గిల్ (1913–1941). బుడాపెస్టులో పుట్టి, పారిస్‌లోని ఎకోల్ దె బోజార్‌లో చదివిన ఆమె ఇరవై ఏళ్ళ వయసులో వేసిన రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ 1933లో వేసినవే. ‘స్లీప్’లో ఆమె చెల్లెలు ఇందిర నిద్రపోతూ ఉంటుంది. పక్కకు జారిన జుట్టు, ఒకే ఒరవడిలో వాలిన ఒళ్ళు, ఎవరో చూస్తున్నారన్న ఊసే లేని నిశ్చింత. ‘ప్రొఫెషనల్ మోడల్’లో బక్కచిక్కిన, వయసు మళ్ళుతున్న ఒక పారిస్ మోడల్ కూర్చుని ఉంటుంది. జారిన రొమ్ములు, వాడిన ముఖం. అందం కోసం వెతికే కంటికి అక్కడ ఏమీ దొరకదు. పని చేసి అలిసిన మనిషి దొరుకుతుంది. లైఫ్ క్లాసు కనిపెట్టిన నాటి నుంచి ఆ బల్ల మీద ఉన్న నిజాన్ని ఇంత సూటిగా చెప్పిన చిత్రం అరుదు. మరుసటి ఏడు ‘తాహితీ స్త్రీగా స్వీయచిత్రం’లో అమృత తన ఒంటినే మోడల్‌గా పెట్టుకుంది. ఫ్రెంచి చిత్రకారుడు గొగాఁ వేసిన తాహితీ స్త్రీల తీరులో నడుము పైన బట్ట లేకుండా నిలబడింది. వెనక గోడ మీద ఒక మగవాడి నీడ. ఆమె ముఖంలో పిలుపు లేదు, బెదురు లేదు. చిత్రకారుడూ మోడలూ ఒకే మనిషి అయిన క్షణం అది.

1934 చివర్లో ఆమె ఇండియాకు వచ్చింది. అజంతా చూసింది, దక్షిణం తిరిగింది. హైదరాబాదులో సాలార్‌జంగ్ నవాబు ఆమె చిత్రాలు తెప్పించుకుని, చివరికి తిప్పి పంపాడు. ఇక్కడి పల్లె స్త్రీలను వేయడం మొదలుపెట్టాక ఆమె బొమ్మల్లో నగ్నత తగ్గింది. ఇంద్రియస్పర్శ మాత్రం తగ్గలేదు. 1940లో వేసిన ‘నులకమంచం మీద స్త్రీ’లో ఒంటి నిండా ఎర్రటి బట్టలున్నా, మధ్యాహ్నపు వేడి, తీరని కోరిక, ఏమీ తోచని గృహిణి జీవితం అన్నీ ఆ పడుకున్న తీరులో ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పుట్టింది. దాని వెనక ఉన్న గోవా కేథలిక్కు ఫ్రాన్సిస్ న్యూటన్ సూజా (1924–2002) లైఫ్ క్లాసు నేర్పిన మర్యాదనంతా పక్కకు నెట్టాడు. చర్చిలో విన్న పాపభీతి ఒకవైపు, మథుర, ఖజురహో శిల్పాల నిస్సంకోచం ఇంకోవైపు పెనుగులాడాయి. లావాటి నల్లగీతల్లో ఎదురుగా నిలబడే అతని స్త్రీలు ఎవరినీ లాలించరు. 1949లో బొంబాయి ప్రదర్శన నుంచి అతని నగ్న స్వీయచిత్రాన్ని తీసేశారు, పోలీసులు అతని ఇంటికి వెళ్ళారు. ఆ ఏడే అతను లండన్ వెళ్ళిపోయాడు. మగవాడు తన సొంత నగ్నత్వాన్ని గోడకెక్కిస్తే ఆ ఊరు అంతగా ఉలిక్కిపడడం గమనించవలసిన సంగతి.

ఐదేళ్ళ తర్వాత అసలు కేసు వచ్చింది. పారిస్ నుంచి తిరిగొచ్చిన అక్బర్ పదమ్సీ (1928–2020) 1954లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో తన మొదటి సొంత ప్రదర్శన పెట్టాడు. ‘లవర్స్’ పేరుతో ఉన్న రెండు చిత్రాల్లో ఒక నగ్న జంట. మగవాడి చెయ్యి ఆమె రొమ్ము మీద ఉంది. వాటిని దించమని పోలీసులు అడిగితే పదమ్సీ ఒప్పుకోలేదు. శిక్షాస్మృతి 292వ సెక్షన్ కింద కేసు పెట్టారు. అతని వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు: ఉమామహేశ్వర విగ్రహాల్లో శివుడి చెయ్యి ఎక్కడుంటుందో చూడండి, ఆ భంగిమ అక్కడిదే. కళావిమర్శకులు వచ్చి సాక్ష్యం చెప్పారు. మేజిస్ట్రేటు అతన్ని వదిలేశాడు, పై కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ చిత్రాల్లో నిజానికి కోరిక కన్నా గాంభీర్యమే ఎక్కువ. రాతిబొమ్మల్లా బిగుసుకున్న ఆ ఇద్దరి ముఖాల్లో సంతోషం వెతికినా కనబడదు.

చట్టం కథ కొంత చెప్పుకోవాలి. 1860 నాటి 292వ సెక్షన్‌కు 1868లో ఇంగ్లండులో వచ్చిన హిక్లిన్ తీర్పు కొలబద్ద అయింది. బలహీనమైన మనసున్నవాడి చేతిలో పడితే చెడిపోతాడా అన్నదే ఆ కొలత. 1964లో రంజిత్ ఉదేశి కేసులో సుప్రీంకోర్టు ఆ కొలతనే వాడింది. అయితే కళలో నగ్నత ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కాదని కూడా అక్కడే చెప్పింది. గుళ్ళకూ ప్రాచీన కట్టడాలకూ ఉన్న మినహాయింపుతో పాటు, 1969 సవరణ సైన్సు, సాహిత్యం, కళ, విద్యల కోసం చేసిన వాటిని కూడా కాపాడింది. హుసేన్ మీద పెట్టిన కేసులను 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అప్పటికే ఆయన దేశం విడిచి రెండేళ్ళయింది. 2011లో లండన్‌లో పోయాడు. హిక్లిన్ కొలతను సుప్రీంకోర్టు పూర్తిగా వదిలింది 2014లో, అవీక్ సర్కార్ కేసులో. ఈలోగా 2007లో బరోడా విశ్వవిద్యాలయంలో ఒక తెలుగు విద్యార్థి పరీక్ష కోసం పెట్టిన బొమ్మలకే అరెస్టయ్యాడు. తీర్పులు చిత్రకారుల వైపు వచ్చినా, గుంపులకు తీర్పులతో పని లేకపోయింది.

బరోడాలోనే 1960ల మధ్యలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాడు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్. అతని ఎచింగుల్లో స్త్రీ ఏ బల్ల మీదా కూర్చోదు. మేకలు, తుమ్మచెట్లు, పూరిగుడిసెలు, మొరటు మగవాళ్ళు, ఒంటి మీద పచ్చబొట్లు, చెవులకు కమ్మలు. అన్నిటిలోనూ ఒకటే కామం పారుతుంటుంది. చెట్టు కొమ్మ కాలిగా మారుతుంది, మేక కళ్ళలో మనిషి కోరిక కనిపిస్తుంది. జింకు పలక మీద సూదిమొనతో వేసిన ఆ సన్నని గీతలకు ఎంత ఓర్పుందో అంత తెగింపు ఉంది. తెలంగాణ పల్లెలో ఒళ్ళూ కోరికా మాటల్లో, పాటల్లో, తిట్లలో దాపరికం లేకుండా ఉండేవి. పట్నపు మధ్యతరగతికి అది ఎబ్బెట్టయింది. లక్ష్మాగౌడ్ ఏ పక్షమో ఆ 1970ల బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఖజురహోనూ పారిస్‌నూ అడగకుండా, తన ఊరి నుంచే శృంగారాన్ని తెచ్చుకున్న చిత్రకారుడు అతను. తర్వాత్తర్వాత రంగులూ అలంకారాలూ పెరిగి ఆ పదును కొంత మెత్తబడింది.

మగచూపుకు బదులు ఇంకో చూపు నిలకడగా వచ్చింది ఆ తర్వాతే. అనుపమ్ సూద్ (1944లో పుట్టింది) ఎచింగుల్లో నగ్న స్త్రీ పురుషులు ఒకే గదిలో ఉంటూ ఒకరికొకరు అందరు. శిల్పంలా బరువైన ఆ దేహాల మీద నీడలే ఎక్కువ. గోగి సరోజ్ పాల్ (1945–2024) స్త్రీకి ఆవు ఒళ్ళిచ్చి కామధేనువును చేసింది, రెక్కలిచ్చి కిన్నెరను చేసింది. ఆ నగ్నదేహాలు పెద్ద కళ్ళతో చూసేవాడినే తేరిపార చూస్తాయి. 1937లో పుట్టిన అర్పితా సింగ్ ఇంకా దూరం వెళ్ళింది. అరవై దాటిన స్త్రీ, ముడతలు పడిన పొట్ట, జారిన భుజాలు, గులాబీ నీలం రంగుల దట్టమైన పూత. చుట్టూ పూలు, కార్లు, తుపాకులు, కోటు వేసుకున్న మగవాళ్ళు, అక్షరాలు. ఆమె ఎవరికీ పోజు ఇవ్వడం లేదు. బట్టలు లేని సంగతి ఆమెకు పట్టినట్టే లేదు.