కళింగ తీరమున రోమక నాణెములు

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రతీరపు దారిలో, మంగమారిపేట చెంత తొట్లకొండ కలదు. రాతిలో తొలిచిన నీటితొట్ల వలన దానికా పేరు కలిగినది. 1976లో నౌకాదళమువారి విమాన పరిశీలనలో అచటి బౌద్ధక్షేత్రము బయటపడెను. 1988 మొదలు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వకములు సాగింపగా స్తూప చైత్య విహారములతో పాటు శాతవాహనుల సీసపు నాణెములును, రోమక సామ్రాజ్యపు వెండి నాణెములును దొరకినవి. భిక్షువులు తపస్సు చేసికొను కొండమీదికి రోమునగరపు వెండి ఎట్లు వచ్చెను?

క్రీస్తుశకము తొలి శతాబ్దమున ఐగుప్తు రేవుల నుండి ఓడలు ఋతుపవనముల నాసరాగా గొని మన దేశమునకు వచ్చుచుండెను. ఆ కాలపు గ్రీకు వర్తకుడొకడు రచించిన 'పెరిప్లస్' అను యాత్రాగ్రంథము, కృష్ణాతీరపు మసాలియా సీమలో సన్నని వస్త్రములు విస్తారముగా నేయుదురనియు, దానికి ఆవలి తీరమున ఏనుగుదంతము లభించుననియు చెప్పుచున్నది. ఈ సరకులకు రోమకులు చాలవరకు బంగారు వెండి నాణెములే ఇచ్చిరి. ఏటేట 5 కోట్ల సెస్టర్సులను భారతదేశము లాగికొనుచున్నదని ప్లినీ పండితుడు వాపోయెను. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దీనారము. మన సంస్కృతములోని 'దీనార' శబ్దమునకు మూలము ఈ రోమక నాణెమే.

దక్షిణాపథమున దొరకిన వెండి దీనారములలో అగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి మిక్కుటము. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరకిన పదునైదు వందలకు పైబడిన నాణెముల రాశియు ఈ ఇరువురి కాలముదే. దీనికి కారణమున్నది. రోమక పౌను వెండితో 84 నాణెములు కొట్టుచుండగా, క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి 96 కొట్టించెను. ముఖముద్రను గాక తూకమును నమ్ము మన వర్తకులు పాత నాణెములనే కోరియుందురు.

ఇట్టి సాక్ష్యములు ఎన్ని నశించెనో! 1786లో నెల్లూరు చెంత ఒక రైతు నాగలికి చిన్న గుడి శిథిలములు అడ్డుపడెను. అచటి కుండలో ట్రేజను, హేడ్రియను మున్నగువారి బంగారు నాణెములు దొరకినవి. రైతు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. ముప్పదికి పైగా మాత్రము తిరిగి చేజిక్కినవి. తక్కినవి పెక్కు మూసలో కరిగిపోయి యుండును. కరిగినది బంగారమే కాదు, అది ఏ కాలమున ఎవరి చేతికి వచ్చెనను కథయు కరిగెను.

మన సీమయందు ఇందుకు భిన్నమైన ఉదాహరణ కలదు. కళింగపట్టణమునకు ఎగువను, వంశధార యొడ్డున నున్న శాలిహుండము కొండ ప్రాముఖ్యమును 1919లో గుర్తించి లోకమునకు తెలిపినది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆ గుర్తింపు వెనుకనే త్రవ్వకములును, వాని వెనుక చరిత్రయు వచ్చినవి.

1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి, భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన నిధిని గూర్చి కలెక్టరునకు తెలుపుట దొరకినవాని విధి. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువకు ఐదవవంతు చేర్చి చెల్లింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కనుక పొలమున పాతనాణెము కనబడినచో దానిని తోమరాదు, కరిగింపరాదు, దొరకిన చోటును మరువరాదు. కంసాలి త్రాసు దాని బరువును మాత్రమే చెప్పగలదు. దొరకిన చోటు దాని చరిత్రను చెప్పును.