పాత తేలికపాటి విమానం కొనుగోలు: ఉపయుక్త భారాన్ని పోల్చడం ఎలా?

భిలాయి ఉక్కునగరంలోని రుఆబాంధా వంటి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాటా లెక్క కొత్తది కాదు. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో మరొకసారి తూచి, రెండింటి తేడాను సరుకు బరువుగా రాసుకుంటారు. పాత తేలికపాటి విమానం కొనేవారు మొదట వేసుకోవలసినది కూడా దాదాపు ఇటువంటి లెక్కే. గరిష్ఠ టేకాఫ్ బరువు నుంచి ఖాళీ బరువును తీసివేయగా మిగిలేది ఉపయుక్త భారం. పైలట్, ప్రయాణికులు, సామాను, ఇంధనం అన్నీ ఆ పరిమితిలోనే ఇమడాలి.

ఒక నమూనాకు గరిష్ఠ బరువును తయారీ సంస్థ నిర్ణయిస్తుంది. ఖాళీ బరువు మాత్రం ఏ విమానానికి ఆ విమానానిదే. నాలుగు సీట్ల సెస్నా 172ఎస్ గరిష్ఠ టేకాఫ్ బరువు 1,157 కిలోలు. అమ్మకానికి ఉన్న రెండు విమానాలలో ఒకదాని ఖాళీ బరువు 745 కిలోలు, రెండవదానిది 790 కిలోలు అనుకుందాం. వాటి ఉపయుక్త భారం వరుసగా 412, 367 కిలోలు అవుతుంది. ట్యాంకులలో వాడుకోదగిన ఇంధనం సుమారు 200 లీటర్లు. దాని బరువు దాదాపు 144 కిలోలు. ట్యాంకులు నింపిన తరువాత మొదటి విమానంలో 268, రెండవదానిలో 223 కిలోలు మిగులుతాయి. మనిషికి 75 కిలోల చొప్పున చూస్తే, మొదటిది ముగ్గురిని, 43 కిలోల సామానును మోస్తుంది. రెండవది సామాను లేకుండా కూడా ముగ్గురిని మోయలేదు. నలుగురు ఎక్కాలంటే రెండింటిలోనూ ఇంధనం తగ్గించక తప్పదు. సీట్ల సంఖ్యను చూసి మోసే శక్తిని అంచనా వేయరాదు.

అదనపు రేడియోలు, పాత రంగుపై వేసిన కొత్త రంగు, మరమ్మతులు, మార్చిన సీట్లు కాలక్రమేణా ఖాళీ బరువును పెంచుతాయి. అందుచేత ప్రచార పత్రంలోని అంకెను నమ్మక, ఆ విమానాన్ని చివరిసారి తూచిన పత్రాన్ని, ఆ తరువాత జరిగిన మార్పుల నమోదును అడిగి తీసుకోవాలి. కొన్ని పాత పత్రాలలో ఖాళీ బరువులో ఇంజిన్ ఆయిల్ కలిసి ఉండదు. ఆ తేడా ఒక్కటే ఏడు కిలోల వరకు రావచ్చు. అమెరికాలో తయారైన విమానాల అంకెలు పౌండ్లలో ఉంటాయి. ఒక పౌండు 0.4536 కిలోలు. రెండు విమానాలను ఒకే కొలమానంలోకి, ఒకే నిర్వచనంలోకి తెచ్చిన తరువాతే పోల్చాలి.

మొత్తం బరువు పరిమితిలో ఉంటే సరిపోదు, గురుత్వ కేంద్రం కూడా నిర్ణీత హద్దులలో ఉండాలి. 2001 ఆగస్టు 25న బహామాస్‌లో సెస్నా 402బి కూలి, గాయని ఆలియాతో సహా తొమ్మిది మంది మరణించారు. ఆ విమానం పరిమితికి మించి సుమారు 320 కిలోలు మోసిందని, గురుత్వ కేంద్రం వెనుక హద్దును దాటిందని దర్యాప్తులో తేలింది.

పత్రంలో అనుమతించిన భారాన్ని ప్రతి రోజూ మోయగలమని కూడా అనుకోరాదు. భిలాయి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు చేరితే గాలి పలుచబడి, విమానం దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. పైకి లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి, ఎగబాకే వేగం తగ్గుతుంది. ఉక్కు కర్మాగారానికి చెందిన నందిని ఎయిర్‌స్ట్రిప్ వంటి చోట మే నెల మధ్యాహ్నం బయలుదేరదలచినవారు, ఆ రోజు వేడికి రన్‌వే సరిపోతుందో లేదో విమాన చేతిపుస్తకంలోని పట్టికలో చూసుకోవాలి. సరిపోకపోతే భారం తగ్గించుకోవడమో, ఉదయపు చల్లదనంలో బయలుదేరడమో మేలు.

బేరం మొదలుపెట్టక ముందే, తమ సాధారణ ప్రయాణానికి ఎందరు మనుషులు, ఎంత సామాను, ఎన్ని గంటల ఇంధనం అవసరమో కాగితంపై రాసుకోవాలి. ఆ మొత్తాన్ని మోయలేని విమానం ఎంత చవకగా వచ్చినా అది వారికి తగిన విమానం కాదు.