ఈడెన్ సరస్సు ఒడ్డున

ముగింపు ముందే చెప్పేస్తాను. ఆ కాలేజీ బతకలేదు. 1933లో పుట్టింది, 1957లో మూతపడింది. ఇరవై నాలుగేళ్ళు. మనిషికైతే అప్పుడప్పుడే చదువు ముగించి లోకంలోకి అడుగుపెట్టే వయసు.

అమెరికాలో, ఉత్తర కరొలైనా కొండల నడుమ, బ్లాక్ మౌంటెన్ కాలేజీ. ఫ్లోరిడాలోని రోలిన్స్ కాలేజీ జాన్ ఆండ్రూ రైస్ అనే ఆచార్యుణ్ణి వెళ్ళగొడితే, ఆయన వెంట మరికొందరు నడిచి వచ్చారు. పెత్తనం చవిచూసినవాళ్ళు గనక పెత్తందారు లేని కాలేజీ పెట్టుకున్నారు. ధర్మకర్తలు లేరు, పాఠం చెప్పేవాళ్ళే యజమానులు. తప్పనిసరి కోర్సులు లేవు. మూలధనమూ లేదు. ఆ చివరి ‘లేదు’ ఎంత బరువైనదో అప్పుడెవరికీ తెలిసిరాలేదు.

కాలేజీ పుట్టిన ఏడే జర్మనీలో నాజీల ఒత్తిడికి బౌహౌస్ కళాశాల మూతపడింది. అక్కడ పాఠాలు చెప్పిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్, ఆయన భార్య, నేతకళాకారిణి ఆనీ, ఈ కొండల్లోకి వచ్చారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. అయినా పాఠం ఆగలేదు.

1937లో ఈడెన్ సరస్సు దగ్గర స్థలం కొన్నారు. అక్కడ పిల్లలూ పంతుళ్ళూ కలిసి రాళ్ళు మోశారు, పలకలు బిగించారు, ఓడలా పొడుగ్గా ఉండే చదువుల భవనాన్ని తమ చేతులతో లేపారు. పొద్దున చదివినవాళ్ళే మధ్యాహ్నం పొలంలో పనిచేశారు, తిన్నాక అంట్లూ తోమారు. 1941లో కాలేజీ ఈ సరస్సు ఒడ్డుకు మారింది. అక్కడితో కథ ఆపేయగలిగితే ఎంత బాగుండు!

కానీ అప్పటికే రైస్ వెళ్ళిపోయాడు, 1940లో. పైన పెద్దదిక్కు లేని ఇంట్లో తగువు తీర్చేదెవరు? 1944లో ఒక తగాదా, మరికొందరి నిష్క్రమణ. యుద్ధం ముగిశాక సైనికుల చదువుకు సర్కారు ఇచ్చిన సొమ్ముతో కాస్త ఊపిరి అందింది. నిలదొక్కుకోవడానికి అదే అదను. అది చేజారింది. ఏళ్ళ తరబడి బంధుమిత్రుల ముందు చేయి చాచి కాలేజీని నడిపిన థియొడోర్ డ్రయర్‌ను, 1949లో, ఆ కాలేజీయే పొమ్మంది. ఆయనతోపాటు ఆల్బర్స్ దంపతులూ వెళ్ళిపోయారు. నా లెక్కలో కాలేజీ పోయింది ఆనాడే. మిగిలిన ఎనిమిదేళ్ళూ కొడిగట్టిన దీపం.

1948 వేసవిలో రూపశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అక్కడ ఒక గుమ్మటం నిలబెట్టబోతే అది లేవలేదు. మరుసటి వేసవి మళ్ళీ వచ్చాడు, ఈసారి నిలిచింది. గుమ్మటం నిలిచిన ఏడే ఇల్లు ఒరిగింది.

దీపమూ ఊరికే ఆరలేదు. 1952లో భోజనశాలలో స్వరకర్త జాన్ కేజ్ సంగీతమూ నాట్యమూ కవిత్వమూ ఒకేసారి సాగే వింత ప్రదర్శన చేయించాడు, పైన విద్యార్థి రాషెన్‌బర్గ్ తెల్లని కాన్వాసులు వేలాడాయి. తర్వాత జీతాలు నిలిచాయి. విద్యార్థులు తరిగిపోయారు. ఆఖరి రెక్టర్, కవి చార్లెస్ ఓల్సన్, బడి మూశాక కూడా ఆగి, ఆస్తులమ్మి అప్పులు తీర్చే పనిలో పడ్డాడు.

అన్నేళ్ళలో అక్కడ చదివినవాళ్ళు పన్నెండు వందలకు అటూ ఇటూ. సరస్సు ఒడ్డున వాళ్ళు కట్టిన భవనం ఇంకా నిలిచే ఉంది. ఆ స్థలం మగపిల్లల వేసవి శిబిరమైంది.