డెబియన్ భాండాగారంలో కేడీఈ: ఒక లైసెన్సు వివాద చరిత్ర (1996–2002)

ఉపోద్ఘాతం

డెస్క్‌టాప్ పరిసరం ఒకే ప్రోగ్రాము కాదు. విండోలు, ప్యానెల్, ఫైళ్ల నిర్వహణ మొదలైన పనులకు ఉద్దేశించిన అనేక ప్యాకేజీల సముదాయం. ప్రతి ప్యాకేజీ తాను ఆధారపడే ఇతర ప్యాకేజీలను పేర్కొంటుంది. ఈ ఆధారాల జాబితాను సాధారణంగా సాంకేతిక విషయంగానే పరిగణిస్తారు. అది లైసెన్సుల మధ్య సంబంధం కూడా అని డెబియన్‌లో కేడీఈ చరిత్ర తెలియజేస్తుంది.

వివాద మూలం

1996 అక్టోబరులో జర్మనీలో విద్యార్థిగా ఉన్న మథియాస్ ఎట్రిచ్ కేడీఈని ప్రతిపాదించాడు. నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థ రూపొందించిన క్యూటీ లైబ్రరీ దానికి ఆధారం. కేడీఈ ప్రోగ్రాములలో అధికభాగం జీపీఎల్ కింద వెలువడ్డాయి. క్యూటీని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచనకు ఉచితంగా వాడుకోవచ్చు గాని, మార్పులు చేసి పంచే హక్కు లేదు. ప్రోగ్రామును దానితో కలిసిన లైబ్రరీతో సహా అవే హక్కులతో పంపిణీ చేయాలన్నది జీపీఎల్ నియమం. ఈ రెండు షరతులకూ పొత్తు కుదరలేదు. 1997 ఆగస్టులో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను ప్రారంభించడానికి ఇదే ప్రధాన కారణం.

డెబియన్ నిర్ణయం

స్వేచ్ఛా ప్యాకేజీ అస్వేచ్ఛా లైబ్రరీపై ఆధారపడితే దానిని 'కాంట్రిబ్' విభాగంలో ఉంచడం డెబియన్ పద్ధతి. కాని ఇక్కడి చిక్కు విభాగానికి సంబంధించినది కాదు, పంపిణీ అనుమతికి సంబంధించినది. అందుకే 1998 అక్టోబరులో కేడీఈని ఇకపై పంపిణీ చేయబోమని డెబియన్ ప్రకటించింది. రచయితలు క్యూటీతో జోడించడానికి ప్రత్యేకానుమతి ఇస్తే చిక్కు వీడుతుంది. అయితే ఇతరుల జీపీఎల్ కోడ్‌ను స్వీకరించిన చోట ఆ మూలరచయితల సమ్మతి కూడా అవసరం. ఈలోగా కేడీఈ కోరిన డెబియన్ వినియోగదారులు బయటి భాండాగారాలను ఆశ్రయించవలసి వచ్చింది.

పరిష్కారం

1999లో క్యూటీ 2.0 క్యూపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినా, అదీ జీపీఎల్‌తో పొసగలేదు. 2000 ఆగస్టులో డెబియన్ 2.2 కేడీఈ లేకుండానే విడుదలైంది. మరుసటి నెలలో క్యూటీ 2.2ను జీపీఎల్ కింద కూడా అందించడంతో అడ్డంకి తొలగింది. 2002 జులైలో వెలువడిన డెబియన్ 3.0లో కేడీఈ చోటుచేసుకుంది.

ముగింపు

కేడీఈ పనితీరులో లోపం ఉండి డెబియన్ దానిని వదులుకోలేదు. వినియోగదారులు కోరుకున్న డెస్క్‌టాప్‌ను సైతం హక్కుల స్పష్టత కోసం పక్కనపెట్టింది. ప్యాకేజీ నిర్వాహకుని బాధ్యత ప్రోగ్రాము నడుస్తుందో లేదో చూడటంతో ముగియదు. దానిని పంచే హక్కు ఉందో లేదో తేల్చడం కూడా ఆ బాధ్యతలో భాగమే. డెస్క్‌టాప్‌ల చరిత్రను రూపకల్పన దృష్టితోనే రాస్తే ఈ పార్శ్వం మరుగున పడుతుంది.